స్క్రోల్ సా కొనేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

ఫ్లాటులో కప్‌బోర్డుల పని అయిపోయాక మిగిలిన ప్లైవుడ్ ముక్కలు బాల్కనీలో ఓ మూల చేరతాయి. వాటితో గుమ్మానికి పేరు పలకో, పిల్లలకు పజిలో, దేవుడి గూటికి జాలీయో చేసుకోవాలని ముచ్చటపడేవాళ్ల చూపు బల్ల మీద పట్టే చిన్న స్క్రోల్ సా మీద పడుతుంది. అందులో సన్నటి బ్లేడు నిలువుగా, నిమిషానికి వందలసార్లు పైకీ కిందికీ ఆడుతుంది. చెక్కను రెండు చేతులతో తిప్పుతూ గీత వెంట నడిపించాలి. ముచ్చటైన పనిముట్టే, కానీ దాని మీద అపోహలూ ఎక్కువే.

‘రంపమే కదా, పలకలు కూడా కోసేయొచ్చు’ అన్నది మొదటిది. చిన్న మిషన్లలో పేరున్న డ్రెమెల్ మోటో-సానే తీసుకుంటే, దాని మోటారు 70 వాట్లు. మెత్తటి చెక్కయితే 18 ఎం.ఎం. మందం దాకా కోస్తుంది. చేత్తో పట్టుకుని వాడే జిగ్ సా 400 నుంచి 600 వాట్ల దాకా ఉంటుంది. పలకలు కోయడం జిగ్ సా పని, వంపులు తిరగడం స్క్రోల్ సా పని. తిన్నటి గీత కోయబోతే బ్లేడు ఒక పక్కకు లాగుతుంది కూడా. ఇది మిషన్ లోపం కాదు. చాలా బ్లేడ్లకు తయారీలోనే ఒక అంచున సన్నటి గరుకు మిగిలిపోతుంది, ఆ వైపు కోత ఎక్కువ పడుతుంది. చెక్కను కొద్దిగా ఏటవాలుగా పట్టి నెడితే గీత తప్పదు.

‘వాట్లు ఎక్కువుంటే మంచి మిషన్’ అనేది రెండోది. ఇంటి పనికి వాట్ల కంటే ముందు చూడాల్సింది బ్లేడు బిగించే పద్ధతి. కొన్ని బ్లేడ్లకు రెండు కొసల్లో చిన్న అడ్డ పిన్నులుంటాయి, కొన్నింటికి ఉండవు. ఆ తేడా ఎంతటిదో తెలుగు అక్షరాలు కోస్తే తెలుస్తుంది. ‘రంగ నిలయం’ అని పలక చేస్తున్నారనుకోండి. ‘ర’ కడుపులోనూ సున్న లోపలా చెక్క తీసేయాలి. ముందు అక్కడ డ్రిల్లుతో రంధ్రం వేసి, బ్లేడు పై కొసను ఊడదీసి, రంధ్రంలోంచి దూర్చి, మళ్లీ బిగించి కోయాలి. పిన్ను దూరాలంటే రంధ్రం కనీసం 5, 6 ఎం.ఎం. ఉండాలి. అరచేయంత అక్షరానికైతే ఇబ్బంది లేదు. అక్షరం అంగుళం ఎత్తే ఉంటే, సున్న లోపలి ఖాళీ మొత్తాన్నీ ఆ రంధ్రమే మింగేస్తుంది. పిన్ను లేని సన్న బ్లేడు మాత్రం 1 ఎం.ఎం. రంధ్రంలోంచి కూడా దూరిపోతుంది. పేరు పలకలు, జాలీలు చేయాలనుకునేవాళ్లు పిన్ను బ్లేడ్లు మాత్రమే పట్టే మిషన్ జోలికి పోకపోవడం మేలు, ధర ఎంత తక్కువైనా సరే.

మిషన్ గొంతు, అంటే బ్లేడుకూ వెనక కమ్మీకీ మధ్య ఉన్న జాగా, అన్నివేళలా పెద్దదే కావాలన్న నియమం లేదు. 10 అంగుళాల గొంతుతో 20 అంగుళాల పలక మధ్యదాకా చేరుకోవచ్చు. ఇంట్లో చేసే వస్తువులు చాలావరకు అంతకంటే చిన్నవే. పొడుగు పలకను తిప్పేటప్పుడు వెనక కమ్మీకి తగిలితే స్పైరల్ బ్లేడు వేసుకోవచ్చు. దానికి చుట్టూ పళ్లుంటాయి కాబట్టి చెక్కను తిప్పకుండానే ఏ దిక్కుకైనా కోయొచ్చు. అంచు మాత్రం గరుకుగా వస్తుంది, సాండ్‌పేపర్ పని పెరుగుతుంది.

వేగం పెంచితే కోత నునుపుగా వస్తుందనేవాళ్లు ఒక్కసారి అక్రిలిక్ కోసి చూడాలి. బ్లేడు వేడికి అక్రిలిక్ కరిగి, కోసిన చీలిక వెనకాలే అతుక్కుపోతుంది. అక్రిలిక్‌కూ లోహపు రేకుకూ వేగం తగ్గించాల్సిందే.

బ్లేడు తెగిందంటే మిషన్ నాసిరకమని తేల్చేయడమూ తొందరపాటే. బ్లేడు అరిగి తెగే వస్తువు. ప్లైవుడ్‌లోని జిగురు దాని పళ్లను ఇట్టే మొద్దుబారుస్తుంది. మొద్దుబారినదాన్ని బలంగా నెట్టినా, వదులుగా బిగించినా తెగుతుంది. సరిగ్గా బిగిసిన బ్లేడును వేలితో మీటితే ఖణేల్‌మంటుంది, వదులుదైతే బొంగురుగా పలుకుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇది: ‘చిన్న బ్లేడు, భయమేమీ లేదు’. గుండ్రటి రంపంతో పోలిస్తే వేళ్లకు ముప్పు తక్కువే, అది నిజం. ముప్పు ఊపిరితిత్తులకు. గీత కనబడాలని చాలా మిషన్లలో చిన్న గొట్టంతో గాలి ఊదే ఏర్పాటు ఉంటుంది. అది పొట్టును గీత మీద నుంచి తప్పించి గాల్లోకి లేపుతుంది. మనిషి సరిగ్గా దాని పైనే వంగి కూర్చుంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే చెక్క ధూళిని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది. ఎం.డి.ఎఫ్. పొడి మరీ మెత్తగా ఉంటుంది, పైగా దాని జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. తలుపులు మూసిన పడకగదిలో ఈ పని అసలే వద్దు. పిల్లలు పక్కన నిలబడి చూస్తుంటే వాళ్లకూ మాస్కు తప్పనిసరి.

ఇక మిగిలింది అదురు. తేలిక మిషన్ ఎక్కువ అదురుతుంది, అదిరితే గీత తప్పుతుంది. అందుకే దాన్ని బరువైన బల్లకు నట్లతో గట్టిగా బిగించాలి. షాపులో ఆన్ చేసి చూడనిస్తే, మిషన్ పలక మీద రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టి, వేగాన్ని మెల్లగా పెంచాలి. ఏ వేగం దగ్గర బిళ్ల పడిపోతుందో గమనిస్తే, ఆ మిషన్ ఎంత అదురుతుందో అక్కడే తెలిసిపోతుంది.