మానిటర్ లేకుండా రాస్ప్‌బెర్రీ పై: బోర్డు బతికే ఉంది, మనకే దారి తెలియదు

పోయిన నెల ఒకరోజు రాత్రి పదకొండు గంటలకు బాబాయ్ కొడుకు ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్‌లో ఉంటాడు. "అన్నా, బోర్డు డెడ్ అనుకుంటా. రేపటితో రిటర్న్ టైమ్ అయిపోతుంది, పంపించేయనా?" అన్నాడు. కొన్నది రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ. రెండు సాయంత్రాలు కుస్తీ పట్టినా లాప్‌టాప్ నుంచి కనెక్ట్ అవ్వలేదట. పచ్చ లైట్ మాత్రం మిణుకుమిణుకుమంటోందట.

ఆ లైట్ మిణికేది బోర్డు మెమరీ కార్డును చదువుతున్నప్పుడు. అంటే బోర్డు బతికే ఉంది, లినక్స్ లోడ్ అవుతోంది. దానితో మాట్లాడే దారే దొరకలేదు. ఇదే మాట వాడికి చెప్పి, రిటర్న్ బటన్ మీద నుంచి చెయ్యి తియ్యమన్నాను.

జీరో 2 డబ్ల్యూకి మానిటర్ పెట్టడం కూడా అంత తేలికేం కాదు. దాని హెచ్‌డీఎంఐ సాకెట్ మినీ సైజు, యూఎస్‌బీ మైక్రో సైజు. ఒక కన్వర్టర్, ఒక ఓటీజీ కేబుల్, ఒక హబ్, కీబోర్డ్, మానిటర్ అన్నీ కావాలి. బోర్డు అసలు ధర 15 డాలర్లు, చుట్టూ పెట్టే సామాను ఖర్చు దాన్ని దాటిపోతుంది. అందుకే చాలామంది దీన్ని 'హెడ్‌లెస్'గా, అంటే స్క్రీన్ లేకుండా, వైఫై మీద ఎస్ఎస్‌హెచ్‌తోనే వాడతారు. చిక్కల్లా ఎక్కడంటే, స్క్రీన్ లేదు కాబట్టి తప్పు జరిగితే బోర్డు ఏమీ చెప్పదు. మౌనంగా కూర్చుంటుంది.

"ఏ ట్యుటోరియల్ చూశావురా?" అని అడిగా. 2020 నాటి వీడియో. అందులో చెప్పినట్టే కార్డులోని బూట్ విభాగంలో ఎస్ఎస్‌హెచ్ పేరుతో ఒక ఖాళీ ఫైల్ పెట్టాడు, వైఫై పాస్‌వర్డ్‌తో డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే ఇంకో ఫైల్ పెట్టాడు, యూజర్ పై, పాస్‌వర్డ్ రాస్ప్‌బెర్రీ అని కొట్టాలని చూశాడు. ఒకప్పుడు ఇది కచ్చితంగా పనిచేసేది. నేనూ ఇలాగే నేర్చుకున్నా. కానీ 2023 అక్టోబర్‌లో వచ్చిన బుక్‌వర్మ్ వెర్షన్ నుంచి వైఫై పని నెట్‌వర్క్ మేనేజర్ చేతికి వెళ్లింది. ఆ పాత వైఫై ఫైల్‌ను అది పట్టించుకోదు. కనీసం ఎర్రర్ కూడా ఇవ్వదు. అంతకు ముందే, 2022 ఏప్రిల్‌లోనే, పై అనే డీఫాల్ట్ యూజర్‌ను తీసేశారు. యూజర్‌ని మనం తయారు చెయ్యకపోతే బోర్డు మొదటిసారి ఆన్ అయినప్పుడు స్క్రీన్ మీద "పేరు పెట్టండి" అని అడుగుతూ అక్కడే ఆగిపోతుంది. స్క్రీన్ లేనివాడికి ఆ ప్రశ్న ఎలా కనిపిస్తుంది?

చాలామంది దీన్ని కంపెనీ పెట్టిన తలనొప్పి అనుకుంటారు. నేను అనుకోను, కారణం నా అనుభవమే. 2017లో నా దగ్గర పై 3 ఉండేది. దానికి ఒక హార్డ్ డిస్క్ తగిలించి, అక్క పెళ్లి ఫోటోలన్నీ అందులో పెట్టాను. ఆఫీస్ నుంచి కూడా చూసుకోవచ్చని ఇంటి రౌటర్‌లో 22వ పోర్ట్ తెరిచాను. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు. ఒక ఆదివారం లాగిన్ అవుదామంటే నా పాస్‌వర్డే నన్ను రానివ్వలేదు. బోర్డు మీద వేలు పెడితే చుర్రుమంది. కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే, నేను ఎప్పుడూ వెయ్యని ప్రోగ్రామ్ ఒకటి ప్రాసెసర్ మొత్తాన్ని వాడుకుంటూ క్రిప్టో మైనింగ్ చేస్తోందని అర్థమైంది. సరిగ్గా ఆ ఏడాదే రాస్ప్‌బెర్రీ పై బోర్డుల కోసమే రాసిన ఒక మాల్‌వేర్ బయటపడింది: డీఫాల్ట్ పాస్‌వర్డ్‌తో లోపలికి వస్తుంది, పాస్‌వర్డ్ మార్చేస్తుంది, మైనింగ్ మొదలుపెడుతుంది, అక్కడి నుంచే ఇంకో బోర్డు కోసం వెతుకుతుంది. నా బోర్డుకు పట్టింది ఆ జాతి పురుగే. ఫోటోలు పోలేదు. కానీ వాటిని ఇంకెవరు తెరిచారో అన్న అనుమానంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కకు ఇప్పటికీ చెప్పలేదు.

దీనికి ముందు 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ 60కి పైగా డీఫాల్ట్ యూజర్, పాస్‌వర్డ్ జంటల జాబితా పట్టుకుని కెమెరాలు, రౌటర్లను లక్షల్లో లోబరుచుకుంది. అదే ఏడాది నవంబర్ నుంచి రాస్ప్‌బెర్రీ పైలో ఎస్ఎస్‌హెచ్ ముందుగా ఆఫ్‌లోనే వస్తోంది. ఆ తర్వాత డీఫాల్ట్ యూజరే పోయాడు. కాబట్టి పాత ట్యుటోరియల్ పనిచెయ్యకపోవడం మంచికే.

సరే, వాడి సంగతికి వద్దాం. కార్డును మళ్లీ రాయించాను, ఈసారి రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌తో. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నింటికీ ఉచితం. జీరో 2 డబ్ల్యూలో ర్యామ్ 512 ఎంబీయే కాబట్టి డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్ తీసుకోమన్నా. కార్డు మీద రాసే ముందు ఇమేజర్‌లో సెట్టింగ్స్ అడుగుతుంది (వెర్షన్‌ని బట్టి కనిపించే చోటు మారుతుంది). తొందరలో దాన్ని దాటేస్తారు చాలామంది. అక్కడే హోస్ట్‌నేమ్, యూజర్ పేరు, పాస్‌వర్డ్, వైఫై పేరు, దేశం, ఎస్ఎస్‌హెచ్ అన్నీ ఇవ్వాలి. వైఫై పేరులో చిన్న అక్షరం, పెద్ద అక్షరం, స్పేస్ తేడా వచ్చినా కనెక్ట్ కాదు. దేశం ఇండియా పెట్టాలి. హోస్ట్‌నేమ్ డీఫాల్ట్‌గా రాస్ప్‌బెర్రీపై అని ఉంటుంది. హాస్టల్‌లో ఇంకెవరి దగ్గరైనా అదే పేరుతో బోర్డు ఉంటే గందరగోళం, అందుకని వేరే పేరు పెట్టమన్నా. వాడు 'ఉప్మా' అని పెట్టాడు. ఎందుకో అడగలేదు.

పవర్ కేబుల్ కూడా ఒకసారి చూసుకోవాలి. ఈ బోర్డులో పక్కపక్కనే రెండు మైక్రో యూఎస్‌బీ సాకెట్లు ఉంటాయి. పవర్ ఇన్ అని గుర్తు ఉన్నదాంట్లోనే పెట్టాలి. సిఫార్సు చేసేది 5 వోల్టులు, 2.5 ఆంపియర్ల ఛార్జర్. డ్రాయర్‌లో దొరికిన పాత సన్న కేబుల్‌తో వోల్టేజ్ పడిపోయి బోర్డు మధ్యలో రీస్టార్ట్ అవుతుంటే, మనం సాఫ్ట్‌వేర్‌ని తిడుతూ కూర్చుంటాం.

మొదటిసారి ఆన్ చేశాక కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి. కార్డులోని ఖాళీ మొత్తాన్ని వాడుకునేలా విభాగాన్ని పెంచుకుంటుంది, మధ్యలో రీస్టార్ట్ కూడా అవుతుంది. అప్పుడు ప్లగ్ పీకేస్తే పని మొదటికి వస్తుంది.

ఐదు నిమిషాలైంది. కనెక్ట్ కాలేదు. వాడి గొంతు మళ్లీ నీరసపడింది. అప్పుడు తట్టింది: హాస్టల్ వైఫై! కనెక్ట్ అయ్యాక బ్రౌజర్‌లో ఒక పేజీ తెరుచుకుని రోల్ నంబర్, పాస్‌వర్డ్ అడిగే రకం. బోర్డులో బ్రౌజర్ తెరిచి రోల్ నంబర్ ఎవరు కొడతారు? పైగా ఇలాంటి నెట్‌వర్క్‌లలో ఒక డివైస్‌కి ఇంకో డివైస్ కనిపించకుండా రౌటర్‌లోనే అడ్డు పెట్టి ఉంచుతారు. లాప్‌టాప్, బోర్డు ఒకే వైఫైలో ఉన్నా ఒకదాన్నొకటి పలకరించుకోలేవు.

ఇక్కడ ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. లాప్‌టాప్‌నూ బోర్డునూ రెండింటినీ అదే హాట్‌స్పాట్‌కు తగిలించాలి. హాట్‌స్పాట్ పేరుతో ఇంకోసారి కార్డు రాశాడు, మళ్లీ ఆన్ చేశాడు, మళ్లీ ఏమీ లేదు. ఈసారి కారణం చిన్నది: ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంది. జీరో 2 డబ్ల్యూకి తెలిసింది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ మార్చి బోర్డును రీస్టార్ట్ చేయగానే, ఫోన్‌లో కనెక్టెడ్ డివైస్‌ల జాబితాలో 'ఉప్మా' ప్రత్యక్షం. అవతల నుంచి వచ్చిన అరుపుకు రూమ్మేట్లు లేచి ఉంటారు.

ఇక మిగిలింది లాప్‌టాప్ టెర్మినల్‌లో ఒక్క లైన్: ఎస్ఎస్‌హెచ్, స్పేస్, యూజర్ పేరు, ఎట్ గుర్తు, హోస్ట్‌నేమ్, చివర డాట్ లోకల్. ఇప్పటి విండోస్‌లో ఎస్ఎస్‌హెచ్ లోపలే వస్తుంది, దీనికోసం పుట్టీ అక్కర్లేదు. డాట్ లోకల్ పేరు పలకకపోతే రౌటర్ పేజీలో గానీ ఫోన్‌లో గానీ బోర్డు ఐపీ అడ్రస్ చూసి అదే కొట్టొచ్చు. లాప్‌టాప్ లేనివాళ్లు ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ వేసుకుని, అందులో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ప్యాకేజీ పెట్టుకున్నా పని జరుగుతుంది.

మర్నాడు వాడే మళ్లీ ఫోన్. ఇంకోసారి కార్డు రాసి కనెక్ట్ అవ్వబోతే, టెర్మినల్ నిండా పెద్దక్షరాలతో ఎవరో మోసం చేస్తున్నారేమో అన్నట్టు హెచ్చరిక వచ్చిందట. భయపడక్కర్లేదు. ప్రతి కొత్త ఇన్‌స్టాల్‌లో బోర్డు తన గుర్తింపు కీని కొత్తగా తయారు చేసుకుంటుంది, లాప్‌టాప్‌కేమో పాతది గుర్తుంది. ఎస్ఎస్‌హెచ్ కీజెన్‌కు పెద్ద ఆర్ ఆప్షన్‌తో హోస్ట్‌నేమ్ ఇస్తే పాత గుర్తు చెరిగిపోతుంది. కానీ మీరు కార్డు మార్చకుండానే ఈ హెచ్చరిక వస్తే మాత్రం చెరిపెయ్యకండి, ముందు ఎందుకొచ్చిందో చూడండి.

లోపలికి వెళ్లాక వాడితో మొదట చేయించింది అప్‌డేట్. రెండోది కీ: లాప్‌టాప్‌లో ఈడీ25519 రకం కీ తయారు చేసి, దాని పబ్లిక్ సగాన్ని బోర్డులో పెట్టించాను. కీతో లాగిన్ అవుతోందని ఇంకో విండోలో తేల్చుకున్నాకే పాస్‌వర్డ్ లాగిన్ ఆపించాను. పాత విండో అప్పటిదాకా మూయనివ్వలేదు. ఈ వరుస తప్పితే మన ఇంటికి మనమే తాళం వేసుకుని బయట నిలబడతాం. ఊరికి వెళ్లినప్పుడు కూడా బోర్డు కావాలంటే పోర్ట్ తెరవొద్దని గట్టిగా చెప్పా. టెయిల్‌స్కేల్ ఉంది, 2024లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై కనెక్ట్ ఉంది, రెండింటికీ రౌటర్ జోలికి వెళ్లక్కర్లేదు.

హాస్టల్‌లో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. కార్డు మీద ఏదైనా రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడయ్యే అవకాశం ఉంది, అందుకే పని అయ్యాక పవర్ఆఫ్ కమాండ్ ఇచ్చి, పచ్చ లైట్ మిణకడం ఆగాకే ప్లగ్ తియ్యమన్నాను. రిటర్న్ గడువు ఆ మధ్యాహ్నమే ముగిసింది. ఉప్మా ఇప్పుడు వాడి మంచం కింద, షూ డబ్బాలో నడుస్తోంది.