రాత్రులకు రాత్రులు పోగేసిన వెలుగు

హెర్క్యులస్ తారామండలంలో, మామూలు కంటికీ చిన్న టెలిస్కోపుకూ ఒట్టి నల్లటి ఆకాశంగానే తోచే ఒకచోట, ఏబెల్ 39 అనే గ్రహ నీహారిక ఉంది. సూర్యుని వంటి నక్షత్రం ఇంధనం అడుగంటిన దశలో తన పైపొరలను అంతరిక్షంలోకి వదిలివేయగా, మిగిలిన కేంద్రం నుంచి వెలువడే అతినీలలోహిత కిరణాల వల్ల ఆ వాయువు ప్రకాశించినప్పుడు గ్రహ నీహారిక ఏర్పడుతుంది. టెలిస్కోపులో గ్రహబింబంలా కనిపించిందని 18వ శతాబ్దంలో విలియం హెర్షెల్ ఆ పేరు పెట్టాడే గాని, గ్రహాలతో దానికి చుట్టరికమేమీ లేదు. డిగ్రీలో అరవయ్యో వంతును ఆర్క్ నిమిషం అంటారు. ఏబెల్ 39 వ్యాసం అలాంటివి సుమారు రెండున్నర మాత్రమే కనుక, పున్నమి చంద్రుని మీద అంచు నుంచి అంచుకు ఇటువంటివి పన్నెండు వరుసగా పేర్చవచ్చు. పాలొమార్ వేధశాల ఆకాశ సర్వే ఫలకాల ఆధారంగా జార్జ్ ఏబెల్ 1966లో ప్రచురించిన 86 మసక నీహారికల జాబితాలో ఇది 39వది. ఆ జాబితాలోని కొన్ని అసలు గ్రహ నీహారికలే కావని తరవాత తేలినా, ఔత్సాహిక ఫోటోగ్రాఫర్లకు నేటికీ అదే దారి చూపుతోంది.

చిన్నది కాబట్టి పెద్దది చేసి చూస్తే చాలుననుకోవడం సహజమే అయినా, కష్టం పరిమాణంలో లేదు. పెంచిన కొద్దీ ఉన్న కాస్త వెలుగూ ఎక్కువ మేర పరుచుకుని మరింత పలచబడుతుంది. పైగా గాలి కదలికల వల్ల నక్షత్ర బింబమే రెండు మూడు ఆర్క్ సెకన్ల మేర అలుక్కుపోతుంది గనుక, అంతకన్నా సన్నని వివరాలు ఎంత పెంచినా చేతికి రావు. ఆర్క్ సెకను అంటే ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు. 1,000 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల టెలిస్కోపుకు 3.76 మైక్రాన్ల పిక్సెళ్ళున్న కెమెరా బిగిస్తే, ఏబెల్ 39 సెన్సార్ మీద సుమారు 200 పిక్సెళ్ళ వెడల్పున పడుతుంది. అది చాలు.

అసలు పోరు ఆకాశపు సొంత వెలుతురుతోనే. ఊళ్ళకు దూరంగా, అమావాస్యనాడు కూడా వాతావరణం తనంతట తాను కొద్దిగా వెలుగుతూనే ఉంటుంది. నీహారిక నుంచి అందేది ఆ వెలుతురు మీద ఒక చిన్న అదనం మాత్రమే. కాంతి ఫోటాన్లనే కణాలుగా, ఒక క్రమమంటూ లేకుండా వచ్చి పడుతుంది కాబట్టి ఆ వెలుతురులో హెచ్చుతగ్గులు తప్పవు, వాటినే నాయిస్ అంటారు. ఎక్స్‌పోజర్ సాగే కొద్దీ నీహారిక వెలుగు సమయంతో సమానంగా పోగవుతుంటే, నాయిస్ ఆ సమయపు వర్గమూలం మేరకే పెరుగుతుంది. అందువల్ల బొమ్మ రెండింతలు తేటపడాలంటే నాలుగింతల సమయం వెచ్చించక తప్పదు. ఐదేసి, పదేసి నిమిషాల ఫ్రేములు వందల కొద్దీ తీసి, నక్షత్రం మీద నక్షత్రం సరిగ్గా కూర్చునేలా పేర్చి సగటు కట్టే స్టాకింగ్ పద్ధతి వెనుక ఉన్న లెక్క ఇదే. పది గంటల పోగుతో తృప్తి చెందనివారికి తరవాతి మెట్టు నలభై గంటలు. పెద్ద వేధశాలల్లో ఒకే వస్తువుకు అన్ని గంటలు దొరకడం అరుదు. మేడ మీద సొంత టెలిస్కోపు పెట్టుకున్నవారికి దండిగా ఉండేది ఆ సమయమే.

ఆ అదనాన్ని వేరుచేయడానికి నీహారిక స్వభావం కూడా తోడ్పడుతుంది. పలచని వేడి వాయువు నక్షత్రంలా అన్ని రంగుల్లోనూ కాక కొన్ని నిర్దిష్ట తరంగదైర్ఘ్యాల వద్దే వెలుగుతుంది. విలియం హగ్గిన్స్ 1864లో పిల్లికన్ను నీహారిక వర్ణపటంలో ఈ సంగతి కనిపెట్టాడు. అందులోని ఆకుపచ్చ రేఖ తెలిసిన ఏ మూలకానికీ సరిపోలకపోవడంతో తరవాతివారు 'నెబ్యులియం' అనే మూలకాన్నే ఊహించుకున్నారు. రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల వద్ద ఆ రేఖను వెలువరిస్తుందని, పరమాణువులు ఒకదానికొకటి తగలడం అరుదైనంత పలచని వాయువులోనే అది సాధ్యమని 1927లో ఐరా బోవెన్ తేల్చాడు. ఏబెల్ 39 ప్రధానంగా వెలిగేది ఈ కాంతితోనే. దీనికోసం వాడే 'ఓ-త్రీ' ఫిల్టర్ ఆ రేఖ చుట్టూ మూడు నుంచి ఏడు నానోమీటర్ల పట్టీని మాత్రమే రానిచ్చి, వీధిదీపాల వెలుగును చాలావరకు బయటే ఆపుతుంది. వెన్నెలను మాత్రం అంతగా ఆపలేదు. అందుకే అనుభవజ్ఞులు వెన్నెల రాత్రులను 656.3 నానోమీటర్ల ఎర్రని హైడ్రోజన్ కాంతికి కేటాయించి, చీకటి రాత్రులను ఓ-త్రీకి దాచుకుంటారు.

హైదరాబాదుకు ఆకాశాన్ని ఫోటో తీయడం కొత్తేమీ కాదు; వివిధ దేశాల వేధశాలలు కలిసి చేపట్టిన ఆకాశపటం పథకంలో ఇక్కడి నిజామియా వేధశాల 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పాల్గొని గాజు పలకల మీద నక్షత్రాలను నమోదు చేసింది. ఇక్కడి చిక్కులు ఇక్కడివే. మౌంట్ అనే పీఠం ఇరుసును ధ్రువం వైపు గురిపెడితేనే టెలిస్కోపు నక్షత్రాల వెంట సాఫీగా నడుస్తుంది. ధ్రువనక్షత్రం ఎత్తు ఆ ఊరి అక్షాంశానికి దాదాపు సమానం కనుక, హైదరాబాదులో అది 17 డిగ్రీల దగ్గర, పక్కింటి నీళ్ళ ట్యాంకు చాటునో దుమ్ముపొరలోనో ఉంటుంది. ఏబెల్ 39 అర్ధరాత్రి వేళ దాదాపు నడినెత్తికి వచ్చేది మే నెలాఖరున, అంటే ఉక్కపోతకూ రుతుపవనాలకూ నడుమ. సెన్సార్ వేడెక్కితే వెలుగు పడకపోయినా పిక్సెళ్ళలో విద్యుదావేశం పోగవుతుంది. కెమెరాను చల్లబరచడంతో పాటు, టెలిస్కోపుకు మూత పెట్టి అదే ఉష్ణోగ్రతలో, అంతే నిడివితో డార్క్ ఫ్రేములు తీసి, ఆ మేరకు బొమ్మ నుంచి తీసివేయాలి.

ఇంత చేశాక తెరమీద కనిపించేది నీలి ఆకుపచ్చ రంగులో, అంచు కాస్త ముదిరిన ఒక గుండ్రం. దానిలోంచి వెనుక ఉన్న దూరపు గెలాక్సీలు సన్నని చుక్కల్లా కనిపించవచ్చు. మధ్యనున్న నక్షత్రం సరిగ్గా కేంద్రంలో కాక రెండు ఆర్క్ సెకన్ల మేర పక్కకు ఉందని కొలిచి చూసినవారు చెప్పారు. ఈ దశలో ప్రమాదం కంప్యూటర్ నుంచే వస్తుంది. నాయిస్‌ను తుడిచే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు లేని పోగులను కూడా ఇంపుగా అల్లిపెట్టగలవు. అటువంటి బొమ్మ కన్నా గరుకుగా ఉన్న నిజమైన బొమ్మకే విలువ ఎక్కువ. ఫ్రేములను రెండు సగాలుగా విడదీసి వేర్వేరుగా స్టాక్ చేసి, రెండింటిలోనూ ఉన్నదానినే నమ్మడం మంచి కట్టుబాటు.

ఇదంతా కేవలం అలంకారం కోసం కాదు, ఇలాంటి ఫోటోల్లో అంతవరకు ఎవరూ గమనించని నీహారికలూ బయటపడవచ్చు. సిగ్నస్ తారామండలంలో, ఎందరో ఫోటో తీసిన క్రెసెంట్ నీహారిక పక్కనే ఉన్న సబ్బుబుడగ నీహారికను డేవ్ జురాసెవిచ్ 2008 జులై 6న 160 మిల్లీమీటర్ల టెలిస్కోపుతో గుర్తించాడు. అదే నెల 17న దానిని ఫోటో తీసిన కీత్ క్వాట్రోచి, మెల్ హెల్మ్ విడిగా అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు తెలియజేశారు. జురాసెవిచ్ 2007 జూన్‌లో తీసిన ఫోటోలో కూడా ఆ బుడగ ఉంది.