తీర్పు వెనుక నిబంధన

ఫుట్‌బాల్ అనగానే మన మనస్సునకు తోచునది కాలితో తన్ను గుండ్రని బంతి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేరు వేరొక ఆటకు చెల్లుచున్నది. అందు బంతి కోలగా ఉండును. దానిని చేతబట్టి పరుగెత్తుదురు, లేదా ముందునకు విసరుదురు. పక్షమునకు పదునొకండుగురు ఆటగాండ్రు, నూరు గజముల మైదానము. నాలుగు ప్రయత్నములలో పది గజములు సాగినచో బంతి ఆ పక్షమునకే మరల దక్కును. అవతలి కొసనున్న గీతను దాటించినచో టచ్‌డౌన్. దానికి ఆరు పాయింట్లు. ఆట సారమింతే. కాని దీనిచుట్టు అల్లుకొన్న నిబంధనల గ్రంథము మన ధర్మశాస్త్ర గ్రంథములకు చిక్కులలో ఏమాత్రము తీసిపోదు.

ఎన్.ఎఫ్.ఎల్. అను వృత్తి క్రీడాసంఘము ఆటలను నడుపుటకు మైదానముపై ఏడుగురు అధికారులు ఉందురు. తెల్లటోపీ ధరించినవారు ప్రధాన రిఫరీ. తప్పు కంటబడగానే పసుపుపచ్చని జెండా నేలకు విసరుదురు. పిమ్మట రిఫరీ మైక్రోఫోనులో తీర్పు చదువును. ఆ చదువుట ఒకటి రెండు వాక్యములకు మించదు. తీర్పు ఏమో తెలియును. ఏ నిబంధన ననుసరించి, ఏల అట్లు చెప్పవలసివచ్చెనో తెలియదు. ఇంట టెలివిజన్ ముందు కూర్చున్నవానికి ఈ రెండవదియే కావలెను.

దీనికి మంచి ఉదాహరణము 2002 జనవరి 19 నాటి ఆట. ఓక్లండ్ రైడర్స్, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ పక్షములు మంచు కురియుచుండగా తలపడినవి. ఆట ముగియవచ్చు సమయమున పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని ప్రత్యర్థి ఢీకొనగా బంతి జారిపడెను. రైడర్స్ దానిని చేజిక్కించుకొనిరి. ఆట వారిదేయని చూచినవారందరు తలచిరి. రిఫరీ వాల్ట్ కోల్‌మన్ రీప్లే చూచి వచ్చి, అది జారవిడుచుట కాదు, ముందునకు విసరినదే, కనుక బంతి పేట్రియట్స్‌కే చెందుననెను. విసరబూనిన చేయి ముందునకు కదలిన తరువాత, బంతిని తిరిగి ఒంటికి చేర్చుకొనుచుండగా జారినను, విసరినట్లే లెక్కించు నిబంధన ఒకటి గ్రంథమున ఉండెను. పేట్రియట్స్ 16–13తో గెలిచి, ఆ యేటి సూపర్ బౌల్‌ను సైతము సాధించిరి. రిఫరీ నిబంధనను తు.చ. తప్పక పాటించెను. ఆ నిబంధనను అంతకు ముందెన్నడును విననివారికి మాత్రము అది కన్నులయెదుట జరిగిన అన్యాయముగనే తోచెను. ఆ నిబంధనను సంఘము 2013లో తొలగించినది.

అప్పటి ప్రసారములలో వ్యాఖ్యాతకు తోడుగా కూర్చుండువారు తరచుగా పూర్వపు ఆటగాండ్రు, శిక్షకులు. ఆట ఎత్తుగడలు వారికి కరతలామలకము. నిబంధనల గ్రంథము అట్లు కాదు. ఆటగాడు ఆడవలసినంత మేరకే నిబంధన నెరుగును. తీర్పరి అరుదుగా వచ్చు సందర్భముల కొరకే దానిని వల్లెవేయును. ఈ భేదమును గుర్తించి 2010లో ఫాక్స్ సంస్థ మైక్ పెరేరాను నియమించినది. ఆయన అంతకు ముందు ఎన్.ఎఫ్.ఎల్. తీర్పరుల విభాగమునకు ఉపాధ్యక్షుడు. లాస్ ఏంజలిస్ స్టూడియోలో పెక్కు తెరల ముందు కూర్చుండి, ఏ ఆటలో చిక్కు వచ్చిన ఆ ప్రసారములో పలుకుట ఆయన పని.

ఆయన అవసరము మొదటి వారముననే కలిగెను. 2010 సెప్టెంబరు 12న చికాగోలో డిట్రాయిట్ లయన్స్ 14–19తో వెనుకబడియుండిరి. మిగిలినది అర నిమిషము లోపు. కాల్విన్ జాన్సన్ గాలిలోనికెగసి బంతి నందుకొని, రెండు పాదములు నేలకానించి, క్రిందపడి, బంతిగల చేతిని నేలకూది లేవబోగా బంతి చేజారెను. ఒక అధికారి టచ్‌డౌన్ అని చేతులెత్తెను. తరువాత అధికారులు కూడి మాటలాడి, అందుకొనుట పూర్తికాలేదని నిర్ణయించిరి. రీప్లే తరువాతను ఆ తీర్పే నిలిచెను. కంటికి అది నిక్కమైన క్యాచ్. పెరేరా నిబంధనను విప్పి చెప్పెను: అందుకొనుచు పడువాడు నేలను తాకుట ముగియువరకు బంతిని అదుపున ఉంచుకొనవలెను, కనుక తీర్పు సరియే. లయన్స్ అభిమానుల దుఃఖము దానితో తీరలేదు, తీరుటయు అసంభవము. అయినను వారి కోపము రిఫరీనుండి నిబంధన వైపునకు మరలుటకు దారి ఏర్పడెను. నిపుణుని ప్రయోజనమంతయు ఇందే యున్నదని మా అభిప్రాయము.

ఏలయన, రిఫరీ తప్పుచేసెనా, నిబంధనయే తప్పుదా అను రెండు ప్రశ్నలు వేరు. వీనిని కలిపివేసినచో ఒక మనుష్యునిపై నింద మిగులును, నిబంధన యథాతథముగ నుండును. 2015 జనవరి 11న ఇదే నిబంధన మరల ప్రాణము మీదికి తెచ్చినది. గ్రీన్ బేలో డల్లాస్ కౌబాయ్స్ ఆటగాడు డెజ్ బ్రయంట్ అందుకొన్న బంతి, రీప్లే తరువాత అందుకొననట్లయ్యెను. డల్లాస్ 21–26తో ఓడెను. ఆ నగర పరిసరములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు వేలకొలదిగ కలవు గనుక, ఈ బాధ మనవారి ఇండ్లలోను కొంత వినబడియే యుండును. విశేషమేమనగా, 2010లోను 2015లోను రిఫరీ ఒక్కరే: జీన్ స్టెరటోర్. ఎట్టకేలకు 2018 మార్చిలో సంఘము ఆ నిబంధనను మార్చి, నేలను తాకువరకు అను షరతును తీసివేసెను. ఆ యేడే స్టెరటోర్ విరమించి సి.బి.ఎస్. ప్రసారములలో నిబంధనల నిపుణుడయ్యెను. ఒకప్పుడు ఒకటి రెండు వాక్యములలో ముగించవలసివచ్చినవానికి వివరించి చెప్పు అవకాశము దక్కినది.

ఈ పనికి తన కష్టములు తనకున్నవి. మైక్ కేరీ 2008లో సూపర్ బౌల్‌కు ప్రధాన రిఫరీగా నిలిచిన మొదటి నల్లజాతీయుడు. తన వృత్తియందు మిక్కిలి గౌరవము పొందినవాడు. 2014లో సి.బి.ఎస్. ఆయనను నిపుణునిగ తీసికొనెను. ఆయన ఊహించిన తీర్పు ఒకటి, వచ్చిన తీర్పు మరొకటి అగుట పలుమారులు జరుగగా ప్రేక్షకులు పరిహసించిరి. 2016 ఫిబ్రవరిలో జరిగిన 50వ సూపర్ బౌల్‌లోను అట్లే జరిగెను. ఆ యేడే ఆయన ఆ పని నుండి తప్పుకొనెను. దోషము మనిషిది కాదు, అడిగిన ప్రశ్నదియని మాకు తోచును. రీప్లేలో తీర్పు మార్చుటకు స్పష్టమైన దృశ్యసాక్ష్యము కావలెను. అది లేనిచో మైదానమున చెప్పినదే నిలుచును. రిఫరీలు తీర్పు ‘ధ్రువపడినది’ అనుటకును, ‘నిలిచినది’ అనుటకును భేదమిందుననే కలదు: మొదటిది సాక్ష్యము సరిపోయినదని, రెండవది సాక్ష్యము చాలలేదని. క్రికెట్‌లో ‘అంపైర్స్ కాల్’ అను మాట నెరిగిన మనకు ఇది క్రొత్త కాదు. ఇట్టి సందర్భమున నిపుణుడు చెప్పవలసినది సాక్ష్యమునకు కొలబద్ద. ఆయనను జోస్యము అడుగుట అన్యాయము.

మరియొక సంశయము కలదు: పూర్వపు తీర్పరి తన తోటివారిని వెనుకవేసికొని రాడా? ఆ భయము అకారణమైనది కాదు. 2019 జనవరి 20న న్యూ ఆర్లియన్స్‌లో లాస్ ఏంజలిస్ రామ్స్ ఆటగాడు, బంతి చేరకమునుపే సెయింట్స్ ఆటగానిని ఢీకొనెను. జెండా పడలేదు. సెయింట్స్ అదనపు సమయమున 23–26తో ఓడిరి. అప్పటి నిబంధనల ప్రకారము ఆ లోపమును రీప్లేతో సరిదిద్దుటకు వీలులేదు. ఇట్టిచోట నిపుణుడు మెత్తని మాటలాడినచో ఆయన విలువ అంతటితో పోవును. తప్పును తప్పనుటయే ఆయన జీతమునకు తగిన పని. మరుసటి ఋతువున అట్టి నిర్ణయములపై రీప్లే అనుమతించి, ఒక్క యేడు చూచి, సంఘము దానిని విరమించుకొనెను.

మన క్రికెట్‌లో మూడవ అంపైరు తీర్పుతో వెడలిన మొదటి ఆటగాడు సచిన్ టెండూల్కర్. 1992 నవంబరులో, డర్బన్‌లో. నేడు మూడవ అంపైరు మైదానపు అంపైరుతో మాటలాడుచు రీప్లే పరిశీలించుట టెలివిజన్ ప్రేక్షకులకు వినబడుచున్నది. దానితో నిపుణుని పనిలో కొంత తీర్పరియే చేయుచున్నాడు. రేడియో శ్రోతకు ఆ తెర లేదు. పాదము గీతకు ఈవల నున్నదా ఆవల నున్నదా అని ఆయన చూడలేడు. వ్యాఖ్యాత చెప్పిన నిబంధనయే ఆయనకు రీప్లే. గీతమీద ఉన్న బ్యాటు క్రీజు లోపల ఉన్నట్లు కాదని, గీతను దాటియుండవలెనని వ్యాఖ్యాత ఆ క్షణమున ఒక్కమాట చెప్పినచో, వినువాడు తీర్పు రాకమునుపే తన తీర్పు తాను చెప్పుకొనగలడు.