ఓడే ఊరు

విశాఖ నుంచి చెన్నైకి రైల్లో ఒక్క రాత్రి చాలు. అలాంటిది పుదుచ్చేరి మీదుగా ఓడలో రోజుల తరబడి, అంత డబ్బు పోసి వెళ్లడం దేనికంటారు చాలామంది. ప్రయాణమే లెక్కయితే వాళ్ల మాట న్యాయమే. కానీ క్రూయిజ్ టికెట్ కొన్నవాడు ప్రధానంగా ఓడలో బసకే డబ్బు కడుతున్నాడు. 2022 జూన్‌లో విశాఖ నుంచి బయల్దేరిన కార్డీలియా సంస్థ ఓడ ‘ఎంప్రెస్’నే చూడండి: పదకొండు అంతస్తులు, ఈతకొలను, నాటకశాల, భోజనశాలలు, కేసినో. ఆ కేసినో మీదే రగడ రేగి, పుదుచ్చేరి ప్రభుత్వం ఓడ ఆగడానికి తొలుత అనుమతి నిరాకరించింది. రేవు చూడటానికే ఎక్కినవాళ్లకు మిగిలేది నిరాశే. అనుమతి ఉన్నా ఒడ్డున దొరికేది కొద్ది గంటలే.

2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఎక్కే తంతు విమానాశ్రయంలో లాంటిదే: గుర్తింపు కార్డు, సామాను తనిఖీ. విదేశీ రేవు తగిలితే పాస్‌పోర్టు తప్పదు. కడుపులో తిప్పుతుందన్న భయం ఉత్తదేం కాదు, బంగాళాఖాతం వానాకాలంలో పొంగుతుంది. కుదుపు తగ్గించే రెక్కలు పెద్ద ఓడలకు ఉంటాయి, అయినా కింది అంతస్తులో ఓడ నడిమధ్య గది అడగడం మంచిది. టికెట్‌లో మామూలు భోజనం కలిసే ఉంటుంది. మద్యం, స్పా, ఒడ్డు విహారాలకు సాధారణంగా వేరే బిల్లు. బడ్జెట్ తప్పేది అక్కడే.