బోగస్ అంటే ఏమి?

పోయిన నెల ఒక ఆఫీసు కౌంటర్లో నా మిల్లు సర్వీసు కాగితం, బ్యాంకు పుస్తకం రెండూ పెట్టినాను. అక్కడున్నతను తిప్పి చూసి, "ఇది బోగస్ కాగితమ్మా" అనేసినాడు. వరసలో ఉండేవాళ్ళంతా నన్నే చూసినారు. 22 ఏండ్లు రీలింగులో కష్టపడినదాన్ని, దొంగలాగ తల దించుకుని పోదనూరు బస్సెక్కినాను.

సంగతి ఇంతే. నా పేరు 'గ'తో మొదలు. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. తమిళం చూసి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక చోట 'గ' చేసినారు, ఇంకో చోట 'క' చేసినారు. మన తెలుగిండ్లలో ఎందరికో ఉన్న తిప్పలే ఇవి.

ఆ మాట మనసులో ముల్లులాగ ఉండిపోయింది. రాత్రి మనవరాలిని అడిగితే నిఘంటువు చూసి చెప్పింది.

బోగస్ అమెరికాలో పుట్టిన మాట. 1827లో ఒహాయో రాష్ట్రం పెయిన్స్‌విల్ ఊరి పత్రికలో అచ్చయింది. అప్పుడది ఒక మిషను పేరు. ఏం మిషను? దొంగ నాణేలు చేసే మిషను! తర్వాత ఆ నాణేలనే బోగస్ అన్నారు. పోనుపోను దొంగ కాగితం, దొంగ కంపెనీ, దొంగ ఓటు అన్నిటికీ ఆ పేరే అంటుకుంది. మిషనుకు ఆ పేరెట్లా వచ్చిందో మాత్రం పండితులకే తేలలేదంట.

మనం దొంగ నోటు అంటాం, తమిళంలో కళ్ళ నోట్టు అంటారు. రెండింట్లోనూ దొంగ ఉన్నాడు. బోగస్‌లోనూ ఉన్నాడు. మోసం చేయాలని చేసిందే బోగస్.

మిల్లు లెక్కలో చెప్తాను. నూలు తెగితే ముడి వేస్తాం. అది లోపం, సరిచేసుకోవచ్చు. 30 కౌంటు నూలు కట్టకు 40 కౌంటు చీటీ అంటిస్తే? అదీ బోగస్.

మరుసటి వారం నోటరీ దగ్గర, రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ రాయించుకుని పోయినాను. "తమ్ముడూ, ఇది అక్షరం తప్పు, బోగస్ కాదు. బోగస్ అంటే దొంగ పని" అన్నాను. అతను కాగితం చదివి, "తప్పుగా అనేసినానమ్మా" అని ముద్ర వేసినాడు.

ఇంటికొచ్చి చెప్తే మనవరాలు ఒకటే నవ్వు: "అవ్వా, తమిళంలో ప, బ కూడా ఒకటే అక్షరం. ఆ లెక్కన బోగస్‌ను పోకస్ అని చదవచ్చు. అప్పుడా మాటే బోగస్!"

మీ ఇంటి కాగితాలన్నీ ఈ ఆదివారం ఒక చోట పెట్టి, పేర్లలో అక్షరాలు సరిపోతాయా చూసుకోండి. తేడా ఉంటే ముందే దిద్దించుకోండి. ఎవరైనా బోగస్ అంటే మాత్రం తల దించొద్దు.