కాలువ నీళ్లు, చేతిలో పార: దేవుని బలంపై అపోహలు, వాస్తవాలు

పెన్‌పహాడ్, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ ఊరి మందిరానికి వెళ్లినా వినబడే సాక్ష్యం ఒకటుంది: నా బలం ఏమీ లేదు, అంతా దేవుని బలమే. ఆ మాట నిజం. చిక్కు వస్తున్నదల్లా దాన్ని అర్థం చేసుకోవడం దగ్గరే. తాగుడు మానలేని భర్త, అప్పులవాళ్ల ఫోను మోగితే గుండె జారిపోయే ఇల్లాలు, కోపం వస్తే పిల్లల మీద చెయ్యి చేసుకొని తర్వాత ఏడ్చే తండ్రి, అర్ధరాత్రి దాకా సెల్‌ఫోను వదల్లేని యువకుడు, వీళ్లందరికీ ఆ మాట రెండు రకాలుగా అందుతోంది. కొందరికి ‘నువ్వేమీ చేయనక్కర లేదు, ఆయనే చూసుకుంటాడు’ అని. మరికొందరికి ‘నీ విశ్వాసం చాల్లేదు, ఇంకో మూడు రోజులు ఉపవాసం ఉండు’ అని. మొదటిది మనిషిని చేతులు ముడుచుకొని కూర్చోమంటుంది. రెండోది విశ్వాసాన్నే కండబలంగా మార్చి, ఇంకొంచెం ఎత్తు, ఇంకొంచెం ఎత్తు అంటూ అలసిపోయినవాడి నెత్తిన బరువు పెడుతుంది. ఒకదానికొకటి విరుద్ధంగా కనబడే ఈ రెండు అపోహల వేరు ఒక్కటే. దేవుని బలం ఒకసారి సంపాదించి గాదెలో పోసుకొనే ధాన్యం లాంటిదని అనుకోవడమే ఆ వేరు. గాదె నిండితే ఇక పని లేదని ఒకరు, గాదె ఖాళీగా ఉందంటే తప్పు నీదేనని ఇంకొకరు.

బైబిలు ఈ బలాన్ని నిల్వ సరుకుగా ఎక్కడా చూపదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో సర్వాంగ కవచం గురించి చెప్పేముందు పౌలు వాడిన గ్రీకు క్రియను సాధారణంగా కర్మణి రూపంగా చదువుతారు; పైగా అది ఒక్కసారితో ముగిసే పనిని సూచించదు. బలం తెచ్చుకోండి అనడం కంటే, బలం పొందుతూ ఉండండి అనడానికి దగ్గరగా ఉంటుంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దొరికిన మన్నా కూడా అంతే. ఏ రోజుది ఆ రోజే. విశ్రాంతి దినం కోసం ముందురోజు ఏరుకున్నది తప్ప, మర్నాటికని దాచింది పురుగు పట్టింది. అయితే ఎవరి గుడారంలోకీ అది వచ్చి పడలేదు, తెల్లవారుజామున లేచి ఏరుకోవలసి వచ్చింది. మన ప్రాంతపు రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. సాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలినప్పటి నుంచి మిర్యాలగూడ, కోదాడ భూములు ఆ నీటి మీదే బతుకుతున్నాయి. ఇటు సూర్యాపేట వైపు మూసీ నీళ్లు, ఎస్సారెస్పీ నీళ్లు దిక్కు. ఆ నీళ్లు రైతు పుట్టించినవి కావు. పార పట్టుకొని ఎంత తవ్వినా పంట కాలువలో నీటి బొట్టు పుట్టదు. అట్లాగని పూడిక తీయకపోతే, గండి పూడ్చకపోతే, వంతు వచ్చిన రాత్రి లేచి మడికి నీళ్లు మళ్లించకపోతే, పైన కాలువ నిండుగా పారుతున్నా చివరి మడి ఎండుతుంది. పార పట్టినవాడు నీళ్లు నావే అనడు, నీళ్ల కోసం ఎదురుచూసేవాడు పారను ఇంట్లో పడేసి రాడు. దేవుని కృపకూ మనిషి ప్రయాసకూ మధ్య లెక్క తేలదని దిగులుపడేవారు ఈ ఒక్క పోలికను పట్టుకుంటే చాలా దూరం పోవచ్చు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టాడు: రక్షణను భయంతో, వణుకుతో కొనసాగించమన్నాడు, ఆ వెంటనే మీలో పనిచేసేది దేవుడే అన్నాడు. ఆ రెండు మాటలూ ఢీకొంటాయని ఆయనకు అనిపించలేదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఎర్ర సముద్రం ఒడ్డున మోషే జనాన్ని ఊరక నిలబడి చూడమనలేదా? యూదా రాజు యెహోషాపాతుతో యుద్ధం మీది కాదు, దేవునిది అని ప్రవక్త చెప్పలేదా? చెప్పిన మాట వాస్తవమే. కానీ నిర్గమ కాండంలో ఆ మాట తర్వాత రెండు మూడు వాక్యాలు చదివితే, నాకెందుకు మొరపెడుతున్నావు, జనాన్ని సాగిపొమ్మని చెప్పు అని దేవుడే మోషేతో అంటాడు. సముద్రాన్ని చీల్చింది వాళ్లు కాదు. ఆ చీలిన దారిలో రాత్రివేళ పిల్లల్ని, పశువుల్ని, మూటల్ని మోసుకుంటూ నడిచింది మాత్రం వాళ్లే. యెహోషాపాతు జనం కూడా ఇళ్లలో పడుకోలేదు. మర్నాడు పెందలకడ లేచి, పాటలు పాడేవాళ్లను ముందు నిలిపి, శత్రువు ఉన్న చోటికే వెళ్లారు. నెహెమ్యా సంగతి మరీ స్పష్టం. యెరూషలేము గోడ కడుతున్నప్పుడు బెదిరింపులు వస్తే ఆయన ప్రార్థన చేశాడు, కావలి కూడా పెట్టాడు. ఈ రెండు పనులూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ప్రార్థించాం కదా కావలెందుకు అని ఆ గోడ దగ్గర ఎవరైనా అడిగి ఉంటే అది భక్తి అనిపించుకునేది కాదు.

ఇది పాత నిబంధన కాలంతో ఆగిపోయిన విషయం కాదు. తెలుగు నేల మీదే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని పీడించిన కరువులో ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెలు ఆకలితో, కలరాతో అల్లాడాయి. అప్పుడు ఒంగోలులో జాన్ క్లవ్ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. 1866లో ఆ ఊరికి వచ్చిన ఆయన, మిషనరీ కాకముందు భూమి కొలిచే సర్వే పనిలో ఉండేవాడు. కరువులో ఆయన చేసింది ప్రార్థన ఒక్కటే కాదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని ప్రభుత్వం దగ్గర ఒప్పందానికి తీసుకొని వేలమందికి కూలి ఇచ్చాడు. తెలుగు బోధకులే అక్కడ పని చూసుకున్నారు. పగలు మట్టి లెక్క, కూలి లెక్క, పొద్దుపోయాక వాక్యం. యెర్రగుంట్ల పేరయ్య లాంటి తొలి తరం విశ్వాసులు అప్పటికే పల్లెపల్లెకూ కాలినడకన తిరిగి వేసిన బాట అది. ఇంకో సంగతి కూడా గమనించాలి. సాయం పంచుతున్న ఆ రోజుల్లో ఎంతమంది వచ్చి అడిగినా క్లవ్ ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. గింజల కోసం, కూలి కోసం చేరారన్న మాట రాకూడదని, వచ్చేవారి మనసు ఆకలి ఒత్తిడిలో తేలదని ఆయన ఆలోచన. కరువుకాలపు మతమార్పు అని అప్పుడూ ఇప్పుడూ విమర్శించేవారికి ఆ ఎదురుచూపు కొంత జవాబు, పూర్తి జవాబు కాకపోవచ్చు. మన విషయానికి వస్తే, దేవుడి మీద ఆధారపడినవాడు పార, కొలత తాడు, కూలి పుస్తకం పక్కన పడేయలేదు, సంఖ్యలు పెంచుకోవడానికి తొందరపడనూ లేదు. నల్లగొండ, సూర్యాపేటల్లో ఆ తర్వాత వెలసిన బాప్టిస్టు సంఘాలు ఆ అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌లోనివే కాబట్టి, ఈ కథ మనకు పరాయిది కాదు.

రెండో అపోహ ఇంతకంటే ఎక్కువ మందిని లోలోపల నలిపేస్తోంది: దేవుని బలం ఉంటే శోధన రాదని, వచ్చినా వెంటనే పోతుందని, పోకపోతే విశ్వాసం బోలు అని. ఇలా బోధించేవారు యేసు జీవితాన్ని మరోసారి చదవాలి. అరణ్యంలో మూడు శోధనలూ ఓడిపోయాక అపవాది శాశ్వతంగా వెళ్లిపోయాడని లూకా రాయలేదు, సమయం దొరికేదాకా వెళ్లాడని రాశాడు. గెత్సేమనే తోటలో ఆయన ఒకే సంగతి గురించి మూడుసార్లు ప్రార్థించాడు, గిన్నె తొలగిపోలేదు. పౌలు తన శరీరంలో ఉన్న ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు, దాన్ని భరించే కృప మాత్రం దొరికింది. ఆ ముల్లు ఏమిటో రెండు వేల ఏళ్లుగా పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. అది చెప్పకపోవడమే మేలైందనిపిస్తుంది, ఎవరి ముల్లును వారు అక్కడ పెట్టుకోగలుగుతున్నారు. ఇక, నన్ను బలపరిచేవానిలో సమస్తం చేయగలనని పౌలు అన్న మాటను పరీక్షల ముందు, వ్యాపారం మొదలుపెట్టేముందు, కారు అద్దాల మీద రాసుకుంటున్నారు. ఆ మాట చెరసాల నుంచి వచ్చింది. దాని పై వాక్యంలో ఉన్నది కడుపు నిండినప్పుడు ఎలా ఉండాలో, ఆకలిగా ఉన్నప్పుడు ఎలా ఉండాలో నేర్చుకున్న మనిషి. గెలుస్తానని ఆయన హామీ ఇవ్వలేదు, లేమిలో కూడా కూలిపోనని చెప్పాడు. పంట పోయిన ఏడాది ఒక రైతు కుటుంబానికి కావలసింది ఈ రెండో మాటే. మొదటి అర్థాన్ని నమ్మి కూర్చుంటే పంటతో పాటు దేవుడూ పోయాడనిపిస్తుంది.

మూడోది ప్రాణాల మీదికి తెచ్చే అపోహ కాబట్టి కాస్త నిలిచి చూడాలి. మందు బిళ్లలు వేసుకోవడం అవిశ్వాసమని, ప్రతి వింత ప్రవర్తనా దయ్యమేనని నమ్మేవారు మన సంఘాల్లో తక్కువేం కాదు. ఏళ్ల తరబడి బాగా తాగే మనిషి ఒక ఆదివారం తీర్మానం చేసుకొని ఉన్నట్టుండి మానేస్తే, ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, వినబడతాయి, ఎక్కడున్నదీ తెలియకుండా పోతుంది. ఇది మెదడు మద్యానికి అలవాటుపడి, అది అందక చేసే తిరుగుబాటు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. తెలంగాణలో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు అది దొరకనప్పుడు మెడ బిగుసుకుపోయి, నాలుక కరుచుకొని, అర్థం లేకుండా అరవడం కూడా వైద్యులు చూసిందే. సరిగ్గా ఆ ఘడియలో ఆ మనిషిని గదిలో పెట్టి, నూనె రాసి, దయ్యాన్ని వెళ్లగొట్టే ప్రార్థన చేస్తూ తెల్లవార్చితే, మంచి తీర్మానం చేసుకున్న మనిషే బలైపోతాడు. ప్రార్థన ఆపమని కాదు, ఆసుపత్రి దారిలోనూ చేయవచ్చు. క్షయ మందులూ అంతే. సాధారణంగా ఆరు నెలలు వాడవలసినవి స్వస్థత వచ్చిందని నడుమ ఆపేస్తే రోగం మందులకు లొంగని రూపంలో తిరగబెట్టవచ్చు, ఇంట్లో పిల్లలకూ అంటవచ్చు.

మందు లేకుండానే బాగైనవారి సాక్ష్యాలు ఉన్నాయి కదా అంటారు. వాటిని కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు, దేవుడు ఎవరిని ఎలా ముట్టుకుంటాడో గీత గీయడానికి మనమెవరం? కానీ ఒకరికి దొరికిన కానుకను అందరికీ చట్టంగా మార్చే అధికారం కూడా మనకు లేదు. స్వస్థతలు చేసిన పౌలే త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చానని రాశాడు, తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, వైద్యుడైన లూకాను ప్రియుడని పిలిచాడు. దిగులుతో చావు కోరుకుంటూ బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయాను దేవుడు మొదట మందలించలేదు. నిద్రపోనిచ్చి, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాటలు తర్వాత. మనసు చీకటైపోయినవారిని విశ్వాసం లేనివారని నిందించే ముందు ఆ వరస గుర్తుచేసుకోవాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఎవరైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు నొక్కడం మోకాళ్లూనడానికి పోటీ కాదు.

ఇన్ని అపోహల అడుగున ఇంకోటి ఉంది, దాన్ని అపోహగా కూడా ఎవరూ గుర్తించరు: ఈ పోరాటం నేనూ దేవుడూ తేల్చుకోవలసింది, మూడో మనిషికి తెలియకూడదని. ఎఫెసీ పత్రికలో కవచం ధరించమన్న ఆజ్ఞలు బహువచనంలో ఉన్నాయి, తెలుగు బైబిలు చదివేవారికి ఇది చూడగానే తెలుస్తుంది. ఒంటరి వీరుడి బొమ్మ మన మనసులో పడింది గానీ, ఆనాటి రోమా సైనికుడి పెద్ద డాలు పక్కవాడి డాలుతో కలిపి గోడ కట్టడానికి కూడా పనికొచ్చేది. ఒప్పుకుంటే ఊరంతా పాకుతుంది, బస్టాండు దగ్గర కూడా అదే ముచ్చట అవుతుంది అన్న భయం ఉత్తది కాదు. చిన్న ఊళ్లలో రహస్యం నిలవడం కష్టం. అందుకే సాక్ష్యాల సమయంలో మైకు ముందు అన్నీ చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. మాట దాచగల ఒక్క మనిషి చాలు, అది పాస్టరమ్మ కావచ్చు, వరసకు అక్క కావచ్చు, పొలం గట్టు పంచుకునే పెద్దాయన కావచ్చు. జీతం వచ్చిన రోజు సాయంత్రం తాగుబోతు భర్తతో పాటు ఇంటిదాకా నడిచివచ్చే స్నేహితుడు చేసేది కూడా ప్రార్థనలో భాగమే. అమాలేకీయులతో యుద్ధంలో మోషే చేతులు బరువెక్కితే ఆయన విశ్వాసం తగ్గిందని ఎవరూ అనలేదు. కింద రాయి వేసి కూర్చోబెట్టి, అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క చేతులు పట్టుకున్నారు.

ఒంగోలు కరువు వెనకబట్టాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ పని చేసింది ఆరుగురు బోధకులు. ఒక్కసారికి ఇద్దరే నీళ్లలో నిలబడ్డారు. ఆ ఇద్దరి చేతులు అలసిపోగానే వాళ్లు ఒడ్డుకు వచ్చారు, మరో ఇద్దరు ఏట్లోకి దిగారు.