ముందు పార, ఆ తర్వాతే జీను

ఫిలడెల్ఫియాలోని ఒక గుర్రపుశాలలో పేదింటి పిల్లలు లద్దె ఎత్తి స్వారీ నేర్చుకుంటారు. అక్కడి పిల్లలే అమెరికా పాఠశాలల పోలో పోటీల్లో జాతీయ కప్పు కూడా గెలిచారు.

అమెరికాలో పిల్లలకు స్వారీ నేర్పించడం ఖరీదైన వ్యవహారం. పాఠానికింతని ఫీజు, బూట్లు, హెల్మెట్, ఆపైన గుర్రం కొంటే దాని మేత, శాల అద్దె, పశువైద్యుడి ఖర్చు. పోలో అయితే చెప్పనే అక్కర్లేదు. ఆట మధ్యలో గుర్రాలు అలసిపోతాయి కాబట్టి ఒక్కో ఆటగాడికి ఒకటికి నాలుగు కావాలి. అలాంటి ఆటను, అలాంటి విద్యను పైసా లేని పిల్లలకు అందించాలని లెజ్లీ హైనర్ అనే మహిళ 1994లో పూనుకున్నారు. ఆమె మొదలుపెట్టిన కార్యక్రమం పేరు ‘వర్క్ టు రైడ్’. ఏడేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల దాకా ఎవరైనా చేరొచ్చు. శాలలో పని చేయాలి, బడి మానకూడదు, చదువులో వెనకబడకూడదు. ఈ మూడూ సరిగ్గా ఉంటేనే గుర్రం ఎక్కనిస్తారు.

పార్కులో శాల

ఫిలడెల్ఫియా నగరం నడుమ స్కూల్‌కిల్ నదికి రెండు వైపులా 2,000 ఎకరాలకు పైగా పరుచుకున్న పచ్చదనం ఫెయిర్‌మౌంట్ పార్కు. దాని పడమటి భాగంలో చెట్ల మధ్య ‘వర్క్ టు రైడ్’ నడిచే షామొనీ గుర్రపుశాల ఉంది. అక్కడికి దగ్గర్లోనే పశ్చిమ ఫిలడెల్ఫియాలోని మాంచువా వంటి పేటలు. అందులో కొంత ప్రాంతాన్ని ‘ది బాటమ్’ అంటారు. అక్కడి వాళ్లలో నల్లజాతివారే ఎక్కువ. ఉద్యోగాలు తక్కువ, మాదకద్రవ్యాలూ తుపాకులూ ఎక్కువ. బడి వదిలాక సాయంత్రం దాకా పిల్లలు ఎక్కడ ఉంటారన్నదే అక్కడి తల్లుల బెంగ.

ఈ నగరంలో నల్లజాతివారికి గుర్రం కొత్తేమీ కాదు. ఉత్తర ఫిలడెల్ఫియాలోని ఫ్లెచర్ వీధిలో ఇళ్ల మధ్యనే శాలలు కట్టి గుర్రాలను పెంచే అలవాటు తరాలుగా సాగుతోంది. ఆ వీధి స్ఫూర్తితో వచ్చిన నవల ఆధారంగా తీసిందే ఇద్రిస్ ఎల్బా నటించిన ‘కాంక్రీట్ కౌబాయ్’ సినిమా. షామొనీ ప్రత్యేకత పోలో. 1999లో హైనర్ ఇక్కడి పిల్లలతో పోలో జట్టు కట్టారు.

లద్దెతో మొదలు

కొత్తగా వచ్చిన పిల్లల చేతికి అందేది పార. ఎదిగిన గుర్రం రోజుకు 15 కిలోలకు పైగా లద్దె వేస్తుంది. దాన్ని ఎత్తిపోసి, తడిసిన రంపపు పొట్టు తీసేసి కొత్తది పరవాలి. నీళ్ల తొట్టెలు కడిగి నింపాలి. ఒక్కో గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్ల దాకా తాగుతుంది. ఒంటికి తగ్గట్టు చూస్తే గుర్రం పొట్ట చిన్నది. పైగా అది కక్కలేదు. ఒక్కసారే ఎక్కువ దాణా పెడితే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కొంచెం కొంచెంగా, వేళ తప్పకుండా వేయాలి. వానైనా, మంచైనా, పండగైనా వేళ మారదు.

తర్వాత మాలీసు. రబ్బరు బ్రష్షుతో గుండ్రంగా రుద్ది మట్టి లేపాలి, గట్టి కుచ్చుల బ్రష్షుతో దులపాలి. గుర్రం దగ్గరికి నేరుగా వెనక నుంచి పోకూడదు. భుజం పక్కన నిలబడి, కాలి వెంట చెయ్యి కిందికి జార్చితే అది గిట్ట ఎత్తుతుంది. అందులో ఇరుక్కున్న రాయి, మట్టి గీకాలి. ఇంత జరిగాక జీను కట్టడం, పట్టీ బిగువు చూసుకోవడం, ఎడమ వైపు నుంచి ఎక్కడం.

దీనివల్ల పిల్లలకు చూపు అబ్బుతుంది. చెవులు వెనక్కి వాలితే విసుగు. ఒక కాలు నేల మీద తేలిగ్గా మోపితే నొప్పి. దాణా ముట్టకపోతే జబ్బు. రౌతు కొద్దీ గుర్రమంటారు. ఆ రౌతు తయారయ్యేది ఈ శాల పనిలోనే.

కప్పు ఎలా వచ్చింది

కరీమ్ రాసర్, అతని అన్నదమ్ములు బాటమ్ నుంచి ఈ శాలకు చేరిన పిల్లలే. 2011లో కరీమ్, తమ్ముడు డేమర్, బ్రాండన్ రీస్ ముగ్గురూ కలిసి పాఠశాలల జాతీయ పోలో టైటిల్ గెలిచారు. జట్టంతా నల్లజాతి పిల్లలే ఉండి ఆ కప్పు ఎత్తడం అదే మొదటిసారి.

ధనవంతుల పిల్లలను వీళ్లు ఎలా నిలువరించారంటే, జవాబు ఆ పోటీల నిబంధనల్లోనూ కొంత దొరుకుతుంది. పాఠశాలల పోటీలను చుట్టూ గోడ ఉన్న బరిలో, జట్టుకు ముగ్గురేసి ఆడతారు. అక్కడ ఎవరి గుర్రం మీద వాళ్లే ఆట మొత్తం ఆడటం కుదరదు. ఉన్న గుర్రాలనే రెండు జట్లూ పంచుకుంటాయి. మొదటి సగంలో నేనెక్కిన గుర్రాన్ని రెండో సగంలో ఎదుటివాడు ఎక్కుతాడు. లక్షల డాలర్ల గుర్రం కొన్నవాడికి ఇక్కడ అదనపు బలం రాదు. ముక్కూమొహం తెలియని గుర్రాన్ని నిమిషాల్లో అర్థం చేసుకున్నవాడిదే పైచేయి. దానంగా వచ్చిన రకరకాల గుర్రాలను ఏళ్ల తరబడి తోమి, నడిపించి, స్వభావం కనిపెట్టిన పిల్లలకు అదే ఆస్తి అయింది.

ధనవంతుల ఆటగా పేరుపడిన ఆధునిక పోలోకు పుట్టిల్లు మన మణిపూర్. అక్కడి పొట్టి గుర్రాలపై ఊళ్లవాళ్లు ఆడుకునే ఆటను చూసి తేయాకు తోటల ఆంగ్లేయులు 1859లో సిల్చార్‌లో క్లబ్బు పెట్టారు. తర్వాతే అది దొరల ఆట అయింది.

తర్వాతి అడుగులు

కరీమ్ వ్యాలీ ఫోర్జ్ మిలిటరీ అకాడమీలోనూ, కొలరాడో స్టేట్ యూనివర్సిటీలోనూ చదివాడు. 2015లో ఆ యూనివర్సిటీ జట్టుతో కళాశాలల జాతీయ టైటిల్ సాధించాడు. 2021లో తన కథను ‘క్రాసింగ్ ద లైన్’ పేరుతో పుస్తకంగా తెచ్చాడు. ఇదే శాలలో పెరిగిన షరయా హారిస్ కార్నెల్‌లో చదువుతూ, 2017లో అమెరికా అగ్రశ్రేణి పోలోలో ఆడిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ అయింది.

అందరి కథా ఇలా ముగియలేదు. తొలినాళ్లలో ఈ జట్టుకు ఆడిన ఒక అమ్మాయి 2003లో ఇంట్లోవాళ్లతో పాటు హత్యకు గురైంది. శాలలో గడిపిన గంటలు పిల్లలకు ఆసరానిస్తాయి గానీ పేట మొత్తాన్ని మార్చలేవు. కప్పు గెలిచేవాళ్లు ఏ తరంలోనైనా కొద్దిమందే. మిగతావాళ్లకు దక్కేది వేళకు రావడం, మొదలుపెట్టిన పని పూర్తి చేయడం, తనకన్నా పది రెట్లు బరువున్న జంతువు ముందు బెదరకుండా నిలబడటం.

ఆ పని సాగడానికి డబ్బు కావాలి. దాతల ఉత్సాహం కప్పు వచ్చిన ఏడాది ఎక్కువగా, రాని ఏడాది తక్కువగా ఉండొచ్చు. గుర్రాలు మాత్రం రెండేళ్లూ ఒకేలా తింటాయి. ఇలాంటి శాల మన దగ్గర పెట్టాలనుకునేవాళ్లు ముందుగా కట్టాల్సిన లెక్క కూడా మేతదే.